కాకినాడ నేర్పిన పాఠం

చదువు ముగించిన యువజనులకు సాధారణంగా కనిపించే మార్గం ఉద్యోగం. వ్యాపార దక్షత పుట్టుకతోనే రావాలన్నది మన సమాజంలో పాతుకొనిపోయిన నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన పట్టణం కాకినాడ.

1964లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ రూపొందించిన పద్ధతిలో, కాకినాడ వర్తకులకు, చిన్న పరిశ్రమల యజమానులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ శిక్షణ ఇచ్చింది. లక్ష్యాన్ని తామే నిర్ణయించుకొని, ఫలితాన్ని తామే కొలుచుకొనడం అందులో ప్రధానాంశం.

మెక్లెలాండ్ పరిశోధనలలో మేకుకు వలయాలు విసిరే ఆట ఒకటి ఉన్నది. ఎంత దూరాన నిలబడాలన్నది ఆడేవారి ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలుస్తారు. కొందరు గురి అందనంత దూరం పోతారు. సాధించాలనే తపన గలవారు మధ్య దూరాన్ని ఎన్నుకుంటారు. శ్రమిస్తే గెలుపు అందే దూరం అది.

తరువాతి కాలంలో శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా వ్యాపారాలను విస్తరించారు. సంప్రదాయ విశ్వాసాలు వారికి ఆటంకం కాలేదు. దక్షత అలవరచుకొనదగినదేనని తేలింది.

అయితే వారు అప్పటికే వ్యాపారంలో ఉన్నవారు. కొత్త పట్టభద్రునికి శిక్షణ ఒక్కటే పెట్టుబడి కాజాలదు, నష్టాన్ని ఆపజాలదు. కనుక నేడు అంకుర సంస్థను స్థాపించదలచినవారు మొదట మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నా వస్తువు ఎవరికి అవసరం? రాబడి లేకుండా ఎన్ని నెలలు నిలువగలను? ఎంత నష్టపోయినా నా కుటుంబం వీధిన పడదు?

ఈ మూడింటికీ అంకెలతో సమాధానం చెప్పగలిగిననాడు, తాను నిలబడవలసిన దూరం ఎంతో యువకునికి తెలుస్తుంది. చెప్పలేనినాడు, కొంతకాలం ఉద్యోగం చేసి అనుభవం గడించడం వెనుకంజ కాదు.