సైకిల్ సవారీలో సహాయకుడు – అర్ధశక్తి నియమం

వ్యాయామానికి మన ఆచార్యులు చెప్పిన కొలత అర్ధశక్తి. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఆరిందంటే సగం బలం ఖర్చయినట్లే, అక్కడ ఆగవలెను. దివ్యాంగులకు సైకిల్ నేర్పడానికి స్వచ్ఛందంగా వచ్చే యువకులకు నేను ముందుగా చెప్పేది ఇదే. కొలవవలసినది తొక్కే వ్యక్తి శక్తిని, సహాయకుని ఉత్సాహాన్ని కాదు.

అంధులు జంట సైకిల్‌పై వెనుక కూర్చుంటారు. ముందున్నవాడు గుంత, మలుపు, బ్రేకు ముందుగానే నోటితో చెప్పాలి. పెడళ్ళు కలిసి తిరుగుతాయి కనుక ముందువాని వేగమే వెనుకవాని కాళ్ళకూ తప్పదు. అందుకే ఇద్దరూ మాట్లాడుకుంటూ సాగాలి. వెనుక మాట తెగితే వేగం తగ్గించాలి.

ఒక కాలు కోల్పోయిన హైదరాబాదు వాసి ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీలలో రెండు రజతాలు గెలిచారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన షేక్ అర్షద్ సైకిల్ పోటీలో పాల్గొన్నారు. ఇటువంటివారికి చర్మరక్షణే ప్రధానం. అభ్యంగనం మేలని కొందరు కృత్రిమ కాలు తొడిగే ముందు నూనె రాస్తారు. కూడదు! చర్మం మెత్తబడి, జారి, ఒరుసుకుపోతుంది. రాత్రి కాలు విప్పి, కడిగి, ఆరిన పిమ్మట, పుండు లేనప్పుడే రాయాలి. సవారీ తరువాత కందిన చోటు ఎంతకీ మామూలు కాకపోతే మళ్ళీ తొడగక వైద్యునికి చూపించాలి. పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులకు నొప్పి తెలియదు, కనుక సహాయకుడే పాదాలు చూడాలి.

మా పెదబయలు వంటి మన్యంలో ఎక్కుడు దారికి అందరూ జంకుతారు. ఎక్కుడు ఆయాసపెడుతుంది, అంతే. పడవేసేది దిగుడు. చేతిపట్టు, బ్రేకు కుదిరేదాకా చదునైన మైదానమే చాలు.