సరిహద్దున బొగ్గుపులుసు వాయువు లెక్క

సంతకు వచ్చు బండిపై రుసుము విధించునపుడు పంచాయతీ బండిలోని సరకును చూచును. ఆ సరకు తయారగునపుడు ఎంత పొగ వెడలినదని ఎవరును అడుగరు. ఐరోపా సమాఖ్యలోని 27 దేశములు ఇప్పుడు ఆ ప్రశ్ననే అడుగుచున్నవి. (పొగ యనుట మాటవరసకే, బొగ్గుపులుసు వాయువు కంటికి కానరాదు.) 2026 జనవరి 1 నుండి అచ్చట దిగుమతి యగు సిమెంటు, ఇనుము, ఉక్కు, అల్యూమినియము, ఎరువులు, ఉదజని, విద్యుత్తులపై, వాని తయారీలో వెడలిన వాయువు తూకమును బట్టి రుసుము పడుచున్నది. బోల్టులు, గొట్టములు వంటి ఇనుప వస్తువులును ఇందు చేరును.

ఈ ఏర్పాటునకు కారణమును తెలిసికొందము. ఐరోపాలో 2005 నుండియు పెద్ద కర్మాగారములు తాము వెడలించు వాయువునకు టన్నుకొక అనుమతిపత్రము చూపవలెను. ఉక్కు, సిమెంటు కర్మాగారములకు ఈ పత్రములను చాలవరకు ఉచితముగనే ఇచ్చుచు వచ్చిరి. వెల పెట్టి కొనుమన్నచో, అట్టి నిర్బంధము లేని దేశములకు అవి తరలిపోవునని భయము. ఇప్పుడు 2034 నాటికి ఆ ఉచితమును పూర్తిగా తొలగింపదలచి, ఆ మేరకు పరదేశపు సరకుపై రుసుము పెంచుచున్నారు. 2026లో ఇది నూటికి 2½ పాళ్లు మాత్రమే. మొదటి యేట భారము స్వల్పము. పిదప ఏటేట పెరుగును.

రుసుము చెల్లించువాడు మన ఎగుమతిదారు కాడు, అచ్చటి దిగుమతి సంస్థ. అది ముందుగా అధికారుల అనుమతి పొందవలెను. ఏటికి 50 టన్నులకు మించక తెప్పించు సంస్థలకు మినహాయింపు కలదు. విద్యుత్తు, ఉదజనులకు మాత్రము లేదు. 2023 అక్టోబరు నుండి 2025 డిసెంబరు వరకు మూడు నెలలకొక నివేదిక పంపిన సరిపోయెడిది. 2026 దిగుమతుల లెక్కను 2027 సెప్టెంబరు 30 లోగా దాఖలు చేసి, టన్నుల ప్రకారము పత్రములు కొని అప్పగింపవలెను.

ఆ లెక్క పుట్టునది మన కర్మాగారములోనే. చిక్కు ఇచ్చటనే యున్నది. ఎంత బొగ్గు కాలినది, ఎంత సరకు వెలువడినది అనుదానిని మనవారు వ్రాసి, గుర్తింపు పొందిన తనిఖీదారుచే ధ్రువపరచి పంపనిచో, దిగుమతిదారు ఐరోపావారు నిర్ణయించిన అంకెనే వేసికొనవలెను. అది సాధారణముగా ఎక్కువగనే యుండును. తుక్కు ఇనుమును విద్యుత్ కొలిమిలో కరగించువారు, బొగ్గుతో ఖనిజమును కరగించువారి కంటె చాల తక్కువ వాయువును వెడలింతురు. అయినను చిట్టా లేని చిన్న యజమానికి ఆ మేలు దక్కదు. పెద్ద కర్మాగారములకు ఇంజనీర్లు, లెక్కలవారు కలరు. కొనుగోలు తగ్గినచో ముందుగా పని పోవునది చిన్న కొలిమిలోని కూలికే యని మా భయము.

శతాబ్దములుగా బొగ్గు కాల్చి సంపన్నమైన దేశములు ఇప్పుడు ఇట్లు వసూలు చేయుట తగదని భారతదేశము ఆక్షేపించినది. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని సరకు ఓడ దిగునప్పటికి లెక్క సిద్ధముగా నుండవలెను గదా! ఉత్పత్తి యైన దేశమున కర్బనమునకు ఇదివరకే వెల చెల్లించి యున్నచో, దానిని రుసుము నుండి తగ్గింతురు. మన కేంద్ర ప్రభుత్వము 2023లో కార్బన్ క్రెడిట్ల క్రయవిక్రయ పథకమును ప్రకటించినది.

మిరప, పసుపు, మామిడి, రొయ్యలు ఈ పట్టికలో లేవు. రైతులు అడిగినచో సభ్యులు ఆ మాట చెప్పవచ్చును. గ్రామమున ఇనుప సామాను చేయు చిన్న కర్మాగారమున్నచో, బొగ్గు రశీదులను, కరెంటు బిల్లులను, నెలసరి తయారీ లెక్కను పారవేయక భద్రపరచుమని యజమానికి చెప్పుడు.