పోటీ పరీక్షల ప్రత్యేకం: భింద్రన్‌వాలే – పంజాబు సంక్షోభము

పంజాబునందలి రోడే గ్రామమున 1947 జూన్ 2న జన్మించి, సిక్కు మతవిద్యాపీఠమైన దమ్‌దమీ టక్సాల్‌కు 1977లో అధిపతియై, 1978 ఏప్రిల్ 13న అమృతసర్‌లో నిరంకారీ శాఖవారితో జరిగిన ఘర్షణానంతరము రాజకీయ రంగమున ప్రబలుడైన మతప్రచారకుడు జర్నైల్ సింగ్ భింద్రన్‌వాలే. పత్రికాధిపతి లాలా జగత్ నారాయణ్ హత్య (1981 సెప్టెంబరు 9) కేసులో నిర్బంధింపబడి, అక్టోబరులో విడుదలయ్యెను.

తేదీలు: సిక్కు రాజకీయపక్షమైన అకాలీదళ్ నేత లోంగోవాల్ నాయకత్వమున ధర్మయుద్ధ మోర్చా (ఆందోళన), 1982 ఆగస్టు 4, 356వ అధికరణము క్రింద రాష్ట్రపతి పాలన, 1983 అక్టోబరు 6, స్వర్ణదేవాలయ ప్రాంగణమునందలి సిక్కు ధర్మపీఠమైన అకాల్ తఖ్త్‌లో భింద్రన్‌వాలే నివాసము, 1983 డిసెంబరు, స్వర్ణదేవాలయముపై సైనికచర్యయైన ఆపరేషన్ బ్లూస్టార్, 1984 జూన్ (సేనాని మేజర్ జనరల్ కుల్‌దీప్ సింగ్ బ్రార్), భింద్రన్‌వాలే మరణము, జూన్ 6.

అభ్యర్థులు పొరబడు చోటు: 1973 నాటి ఆనందపూర్ సాహెబ్ తీర్మానము అకాలీదళ్‌ది, భింద్రన్‌వాలేది కాదు. అది కోరినది రాష్ట్రాలకు మరిన్ని అధికారములు. ప్రత్యేక సిక్కు దేశమైన ఖలిస్తాన్‌ను తాను కోరుటలేదనియు, ఇచ్చినచో కాదననియు ఆయన పలికెను.

గురు అర్జున్ దేవ్ బలిదానదినమునకై వచ్చిన నిరపరాధులైన యాత్రికులును ఆపరేషన్ బ్లూస్టార్ కాల్పులలో అసువులు బాసిరి. మృతుల సంఖ్యపై ప్రభుత్వపు లెక్కకును ఇతరుల లెక్కలకును నేటికిని పొత్తు కుదరలేదు గనుక, ఏ ఒక్క సంఖ్యనో కంఠస్థము చేయుట తగదు.

తప్పక అడుగునవి: ఇందిరాగాంధీ హత్య, 1984 అక్టోబరు 31, రాజీవ్–లోంగోవాల్ ఒప్పందము, 1985 జూలై 24, పంజాబుకై 359ఎ అధికరణమును చేర్చిన 59వ సవరణ (1988), దానిని తొలగించిన 63వ సవరణ (1989), కృపాణధారణమును గుర్తించు 25వ అధికరణము, మొదటి వివరణ. 2003లో అకాల్ తఖ్త్ భింద్రన్‌వాలేను అమరునిగా ప్రకటించెను.