సరిచూచితివా?

భాగహారము ముగియగానే భాజకమును భాగఫలముతో హెచ్చించి, శేషమును కలిపి, విభాజ్యము వచ్చినదో లేదో సరిచూడవలెనని లెక్కల మాస్టరుగారు చెప్పుట విద్యార్థులందరును ఎరిగినదే. పరీక్షలో మాత్రము "కాలము చాలలేదండీ" అని దానిని విడిచెదరు. గణిత ప్రోగ్రాములు వ్రాయువారికిని ఈ చిక్కే కలదు.

వారు ప్రోగ్రాము నడుమ అక్కడక్కడ, "ఈ చోటికి వచ్చునప్పటికి ఇది నిజమై యుండవలెను" అని ఒక వాక్యము వ్రాయుదురు. దీనిని అసర్షను అందురు. ఆ మాట అబద్ధమైనచో కంప్యూటరు ముందుకు పోక తప్పును తెలుపును. పెద్ద ప్రోగ్రామును ఇట్టి చిన్న మాటలతో సరిచూడవచ్చునని అలన్ ట్యూరింగు 1949లోనే, కూడికను ఉదాహరణముగా చూపి వివరించెను.

అయినచో ఎల్లప్పుడును సరిచూడరాదా? మేము తెలుగు తరగతిలో నిఘంటువు చూచు విధము నేర్పుదుము గదా! పదములు అకారాది క్రమమున నున్నచో, నడిమి పదమును చూచి, అక్కరలేని సగమును విడిచి, మిగిలిన సగములో మరల నడుమ చూచుచు పోయినచో 10 లక్షల పదములలోనైనను సుమారు 20 పోలికలలో కావలసినది దొరకును. కాని క్రమము ఎచ్చటను తప్పలేదని ముందుగా సరిచూచుటకు 9,99,999 పోలికలు కావలెను! కావుననే ఇట్టి తనిఖీని ఐచ్ఛికముగా నుంచుదురు. ప్రోగ్రామును తయారుచేయునపుడు ఉంచి, వాడుకలో ఆపుదురు. పైథాన్ భాషలో ఒక్క సూచనతో అసర్షనులన్నియు ఆగును. కావున లెక్కకు అవసరమైన పనిని అసర్షనులో చేర్చరాదు. తనిఖీతోపాటు ఆ పనియు ఆగిపోవును.

ఏది ఆపదగినదో వివేచింపవలెను. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు మొదటిసారి ఎగిరెను. ఏరియన్-4 కొరకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును అందు వాడిరి. వేగమునకు సంబంధించిన ఒక సంఖ్యను, 32,767కు మించినది పట్టని చోట ఉంచవలసి యుండెను. ఇట్టి 7 రాశులలో 4 రాశులకే హద్దు మీరకుండ రక్షణ కల్పించి, కంప్యూటరుపై భారము పెరుగునని 3 విడిచిరి. పాత రాకెట్టులో ఆ సంఖ్య హద్దులోనే యుండెడిది, క్రొత్తదానిలో మీరెను. సుమారు 40 సెకనులలో రాకెట్టు నాశనమయ్యెను.

ఖర్చు తక్కువైన తనిఖీని తీయరాదు. ఖర్చు ఎక్కువైనదానిని తీయుటకు ముందు, తప్పు జరిగినచో కలుగు నష్టమును తూచవలెను. తప్పు బయటపడినపుడు ఏమి చేయవలెనో గూడ ముందే నిర్ణయింపవలెను.

ఇంట లెక్కలు చేయు పిల్లలను "సరిచూచితివా?" అని అడుగవలసినదిగా తలిదండ్రులను కోరుచున్నాము. లెక్కలు రానివారును అడుగగల ప్రశ్న ఇది.