కొత్త బ్యాటరీ వేసినా ఛార్జింగ్ లైటు ఆరడం లేదు

ప్రశ్న: మాది పాత డీజిల్ పికప్. బ్యాటరీ కొత్తది. అయినా ఛార్జింగ్ లైటు మసకగా వెలుగుతోంది, పొద్దున్నే స్టార్టవడం లేదు. ఆల్టర్నేటర్ మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. ముందు మల్టీమీటరుతో బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉంటే సుమారు 12.6, నడుస్తుంటే 13.8–14.4 ఓల్టులు ఉండాలి. పెరగకపోతే బెల్టు బిగువు చూసి, హెడ్‌లైట్లు వేసి, ఇంజిన్ నడుస్తుండగానే ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య కొలవండి. అర ఓల్టు దాటిందా, ఎర్తు తీగదే తప్పు. పాత బండ్లలో అది ఛాసిస్‌కు బిగించిన చోట పెయింటు కింద తుప్పు పడుతుంది. మెరిసేదాకా గీకి బిగించండి. ప్లస్ వైపూ ఇలాగే చూడండి. రెండూ బాగుంటే అప్పుడు ఆల్టర్నేటర్ విప్పించి బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్లు చూపించండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి పరీక్షించడం మాత్రం దయచేసి వద్దు. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి మంచి డయోడ్లు కూడా కాలిపోవచ్చు.