కథోలిక పాఠశాల తరగతి గదిలో విశ్వాసం, విద్య

కథోలిక సంస్థల యాజమాన్యంలో నడిచే అనేక ప్రాథమికోన్నత పాఠశాలలలో ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. ఉదయం ప్రార్థన ముగిసి, హాజరు పట్టీ పూర్తయి, గంట మ్రోగగానే ఆరవ తరగతి రెండుగా విడిపోతుంది. కథోలిక కుటుంబాల పిల్లలు లేచి జ్ఞానోపదేశం జరిగే గదికి వెళతారు. మిగిలినవారు తమ స్థానాలలోనే కూర్చుని నీతిపాఠాల పుస్తకం తెరుస్తారు. ఈ పీరియడును పిల్లలందరూ ‘మోరల్ సైన్సు’ అనే పిలుస్తారు. అందులో సైన్సు ఎక్కడున్నదని అడిగిన పిల్లవాడికి సంతృప్తికరంగా సమాధానం చెప్పిన ఉపాధ్యాయులు అరుదు. పీరియడు పూర్తికాగానే వెళ్లినవారు తిరిగివస్తారు. అందరూ ఒకే బల్లల మీద కూర్చుని భిన్నాల లెక్కలు మొదలుపెడతారు.

ఆ కొద్దిసేపటి ఎడబాటును సాధారణ విషయమని కొట్టివేయవచ్చు. కాని పదకొండు, పన్నెండేళ్ల వయస్సులో పిల్లవాడు మొట్టమొదటిసారిగా ‘నేను ఎవరిని, నా ప్రక్కన కూర్చున్నవాడు ఎవరు’ అని ఆలోచించడం ప్రారంభిస్తాడు. ఐదేళ్ల పిల్లవాడు చేతులు జోడించమంటే జోడిస్తాడు. ఆరవ తరగతివాడు ఎందుకు జోడించాలని అడుగుతాడు. అందువల్ల విశ్వాసానికీ విద్యకూ మధ్యగల సంబంధాన్ని పరిశీలించదలచినవారు కళాశాలలకంటె ముందు ఈ తరగతి గదిలోకి తొంగిచూడడం ఉచితం.

తరగతి ఇట్లా రెండుగా విడిపోవడం పాఠశాల యాజమాన్యపు ఔదార్యం మాత్రమే కాదు. దానికి రాజ్యాంగం ఆధారం. సంపూర్ణంగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ జరుగరాదని 28వ అధికరణం మొదటి ఖండం శాసిస్తున్నది. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందే ఇతర సంస్థలకు మూడవ ఖండం వర్తిస్తుంది. అటువంటి పాఠశాలలో చదివే ఏ విద్యార్థినీ అతని సమ్మతి లేకుండా, మైనరు అయితే సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని నిర్బంధించరాదు. అల్పసంఖ్యాక వర్గాలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30వ అధికరణం ప్రసాదించింది. సహాయం పొందే సంస్థలో కేవలం మతం, కులం, భాష వంటి కారణాల మీద ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం అన్నది. ఈ మూడు అధికరణాలనూ కలిపి చదివినప్పుడే కథోలిక పాఠశాల స్వరూపం బోధపడుతుంది. యాజమాన్యం ఒక మతానిది, తలుపులు అందరివి, మనస్సాక్షి ఎవరిది వారిది.

స్వతంత్ర భారతదేశంలో ఈ సమస్యను ఆలోచించిన తొలి పెద్దలలో ఇద్దరికి తెలుగునేలతో సంబంధం ఉండడం గమనార్హం. విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ (1948-49) అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ బాల్యంలో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోను, తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోను చదివారు. అవి ప్రొటెస్టెంటు సంస్థలు. అక్కడి అధ్యాపకులు హిందూమతం మీద చేసిన విమర్శ తన మనస్సును కలచివేసిందనీ, ఆ విమర్శే తనను వేదాంతాధ్యయనానికి పురికొల్పిందనీ ఆయన స్వయంగా చెప్పుకొన్నారు. మతం పేరిట జరిగిన విమర్శను తరగతి గదిలో విద్యార్థిగా అనుభవించిన ఆ మనిషే, కమిషన్ అధ్యక్షులుగా, విద్యాసంస్థలలో దినచర్య కొద్ది నిమిషాల మౌన ధ్యానంతో ప్రారంభం కావాలని సూచించారు. ఆ మౌనంలో ఎవరి దేవుణ్ణి వారు తలచుకోవచ్చు, ఎవరినీ తలచుకోకపోవచ్చు. కర్నూలులో జన్మించిన లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా కమిషన్ (1952-53) మరికొంత ఆచరణాత్మకంగా ఆలోచించింది. మతబోధ స్వచ్ఛందంగా, పాఠశాల పనివేళలకు వెలుపల జరగవచ్చునన్నది. కొఠారి కమిషన్ (1964-66) ఒక మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి బోధించడం వేరు అని విభజించి చూపింది. తరువాతి చర్చలన్నీ ఈ భేదం చుట్టూనే తిరిగాయి. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆధారం చేసుకున్నదీ ఇదే.

ఇక జ్ఞానోపదేశం గదిలోకి వెళ్దాం. అక్కడ చిరకాలం నడిచిన పద్ధతి ప్రశ్నోత్తరాలది. ప్రశ్న ఉపాధ్యాయునిది, జవాబు పుస్తకానిది, కంఠస్థం పిల్లవాడిది. గ్రామాలలో ఈ పని చేసినవారు ‘ఉపదేశులు’. విచారణ గురువు ఒక గ్రామం నుండి మరొక గ్రామానికి తిరుగుతూ ఉంటే, పిల్లలకు జపాలు నేర్పి, ప్రార్థనకు జనాన్ని కూర్చోబెట్టి, ఎన్నో చోట్ల ఓనమాలు కూడా దిద్దించినది ఉపదేశులే. మన విద్యాచరిత్రలలో వారికి దక్కవలసిన స్థానం దక్కలేదని ఈ రచయిత అభిప్రాయం. గుంటూరులో 1904లో హాలెండు నుండి వచ్చిన జె.ఎం.జె. మఠకన్యలు బాలికల విద్యకు పూనుకొన్న నాటికే పల్లెలలో ఉపదేశుల పరిశ్రమ ఉన్నది.

ఆ గదిలో వినిపించే భాష విశేషమైనది. కథోలిక పిల్లవాడు ఆదివారం ‘పూజ’కు వెళతాడు. అక్కడ ‘దివ్యసత్ప్రసాదం’ స్వీకరిస్తాడు. పూజ చేసే ఆయన ‘గురువు’. చేతిలో ఉండేది ‘జపమాల’. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు ‘తపస్సు కాలం’. పల్లెలలో చర్చిని ‘గుడి’ అనడం కూడా వింత కాదు. ప్రక్క గదిలో నీతిపాఠం చదువుతున్న హిందూ బాలుడు ఇంటివద్ద వినే మాటలు కూడా ఇవే. పద్దెనిమిదవ శతాబ్దంలో కర్ణాటక మిషన్ పేరిట రాయలసీమ ప్రాంతాలలో పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్ గురువుల కాలం నుండి, దేశంలో వాడుకలో ఉన్న ధార్మిక పదజాలాన్ని స్వీకరించి దానికి తమ అర్థం కల్పించుకోవడం కథోలిక సంప్రదాయం. మాట ఒకటే, అర్థం వేరు. ఈ రహస్యాన్ని రెండు గదులలోని పిల్లలకూ విడమరచి చెప్పగల భాషోపాధ్యాయుడు ఉంటే అది ఎన్నో ఉపన్యాసాలకంటె మేలైన పాఠం. అయితే చాలాకాలం పూజ మాత్రం లాటిన్ భాషలోనే సాగింది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. ఆ తరువాతనే తెలుగు పిల్లవాడు బడిలో చదివే భాషలోనే దేవాలయంలో కూడా పూజా ప్రార్థనలు వినగలిగాడు.

అదే మహాసభ 1965 అక్టోబరు 28న రెండు ప్రకటనలను ఒకే రోజున వెలువరించింది. ఒకటి క్రైస్తవ విద్యను గురించినది; రెండవది క్రైస్తవేతర మతాలతో సంబంధాలను గురించినది. పిల్లలకు తొలి గురువులు తల్లిదండ్రులేననీ, కథోలికేతరులు చదివే కథోలిక పాఠశాలలు కూడా తనకు ప్రీతిపాత్రమైనవేననీ మొదటిది పేర్కొన్నది. హిందూ, బౌద్ధ మతాలను పేరెత్తి ప్రస్తావించి, వాటిలోని సత్యమైనదానిని, పవిత్రమైనదానిని దేనినీ తిరస్కరించబోమని రెండవది ప్రకటించింది. ఈ రెండు పత్రాలూ ఎక్కడో రోమునగరంలో వెలువడినా, వాటిని ఏకకాలంలో ఆచరించవలసిన స్థలం మన ఆరవ తరగతి గదివంటిదే.

ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి కొత్త చిక్కు ఎదురవుతుంది. దేవుడు ఆరు రోజులలో లోకాన్ని సృష్టించాడని జ్ఞానోపదేశంలో విన్న బాలిక, సైన్సు పీరియడులో శిలాజాలను గురించి, కోట్ల సంవత్సరాలను గురించి వింటుంది. ఏది నిజమని అడుగుతుంది. ప్రశ్న అడిగినందుకు కసరి కూర్చోబెట్టడం ఒక మార్గం. అది సులభం కనుక దానిని అనుసరించేవారు అన్ని మతాల పాఠశాలలలోనూ ఉన్నారు. కథోలిక ఉపాధ్యాయునికి ఆ అవసరం లేదు. బైబిలులోని సృష్టి కథ కాలపట్టిక కాదని కథోలిక పండితులు చెబుతున్నారు. మానవదేహపు పరిణామాన్ని గురించిన పరిశోధనకు పన్నెండవ పయస్ పోపు 1950లోనే అభ్యంతరం లేదన్నారు. పరిణామవాదం కేవలం ఊహ కాదని రెండవ జాన్ పాల్ పోపు 1996లో అంగీకరించారు. గెలీలియో విషయంలో జరిగిన పొరపాటును ఆయనే 1992లో ఒప్పుకొన్నారు. మూడున్నర శతాబ్దాలు పట్టిందన్న మాట కూడా పిల్లలకు దాచకుండా చెప్పవలసినదే. బఠానీ మొక్కలతో ఆనువంశికతా సూత్రాలను కనుగొని 1866లో ప్రచురించిన మెండెల్ ఒక మఠవాసి. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో ప్రతిపాదించిన బెల్జియం శాస్త్రజ్ఞుడు లెమైత్ర్ కథోలిక గురువు. మనదేశంలోనే కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన ఫాదర్ లాఫాన్, 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన వైజ్ఞానిక సంస్థకు అండగా నిలిచారు. జగదీశ్ చంద్ర బోసు ఆయన శిష్యుడు. బ్రహ్మసమాజ కుటుంబం నుండి వచ్చిన ఆ విద్యార్థి జెస్యూట్ గురువు వద్ద నేర్చుకొన్నది ప్రయోగం చేసే పద్ధతిని.

అదే సెయింట్ జేవియర్స్ ఆవరణలోని పాఠశాలలో మరొక విద్యార్థి ఉండేవాడు. చదువు మీద అతనికి ఆసక్తి లేదు. కొద్దికాలానికే బడి మానివేశాడు. ఆ బాలుడు రవీంద్రనాథ ఠాకూరు. పెద్దవాడైన తరువాత తన జీవనస్మృతులలో ఆ బడిలోని ఎక్కువమంది ఉపాధ్యాయులను గురించి ఆయన మంచిమాట చెప్పలేదు. ఒక్కరిని మాత్రం మరువలేకపోయాడు. ఆయన ఫాదర్ డి పెనెరాండా, స్పెయిను దేశస్థుడు. ఇంగ్లీషు ఉచ్చారణ సరిగా రాకపోవడం వల్ల పిల్లలు ఆయన పాఠాన్ని లెక్కచేసేవారు కారు. ఒకనాడు వ్రాతపని వేళ, కలం చేతపట్టి ఏమీ వ్రాయకుండా పరధ్యానంగా కూర్చున్న బాలుని వెనుకకు ఆయన వచ్చి, భుజం మీద చేయివేసి, ఒంట్లో బాగులేదా అని మృదువుగా అడిగాడు. అంతే జరిగింది. అక్కడ మతబోధ లేదు, పాఠం కూడా లేదు. కాని ఆ మనిషి అంతరంగంలోని ప్రార్థనా ప్రశాంతిని తాను గుర్తించగలిగానని రవీంద్రుడు వ్రాశాడు. విశ్వాసం తరగతి గదిలోకి ఏ ద్వారం గుండా ప్రవేశిస్తుందన్న ప్రశ్నకు సిద్ధాంత గ్రంథాలలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

తరగతి గదిలో కనిపించని మరొక విషయం కార్యాలయంలోని అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది. మతం, కులం అన్న గడులు అవి. షెడ్యూల్డు కులాలను గుర్తించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాలలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవమతం స్వీకరించినవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో ‘సి’ గ్రూపుగా పరిగణిస్తారు. ఆ గ్రూపుకు ఒక శాతం రిజర్వేషను. ఈ కారణంగా ఒకే పిల్లవాడు ఆదివారం దేవాలయంలో క్రైస్తవుడు, రిజిస్టరులో హిందువు కావడం కద్దు. జ్ఞానోపదేశానికి ఎవరు లేచి వెళ్లాలన్నది ఆ పిల్లవాడికి కేవలం విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న కాదు, స్కాలర్‌షిప్పుకు సంబంధించినది కూడా. నిజం చెప్పడం నేర్పవలసిన చోట కుటుంబం నిజాన్ని మింగవలసి రావడం బాధాకరం. ఈ విషయాన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది.

చివరగా ఉదయం ప్రార్థన సంగతి. జ్ఞానోపదేశానికి పిల్లలను వేరుచేయడం సులభం. ఆవరణలో అందరూ వరుసలు తీరి నిలబడే ప్రార్థన వేళ ఆ వీలు లేదు. ఇక్కడ మరొక మతశాఖకు చెందిన పిల్లల కేసు ఉపకరిస్తుంది. 1985లో కేరళలో యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు గాని, తమ విశ్వాసం అనుమతించదని పాడలేదు. వారిని బడినుండి తొలగించారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని ఆదేశించింది. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. జాతీయగీతం విషయంలోనే మౌనాన్ని అగౌరవంగా భావించరాదని న్యాయస్థానం అన్నప్పుడు, ఒక మతానికి చెందిన ప్రార్థన వేళ వరుసలో నిలబడి పెదవి కదపని పిల్లవాణ్ణి గురించి చెప్పేదేమున్నది? మంచి పాఠశాలలలో ఉపాధ్యాయులు ఆ పిల్లవాడిని చూసీ చూడనట్లు ఊరుకొంటారు. కొన్ని చోట్ల ఆ ప్రార్థన ముగిసిన తరువాత ఒక నిమిషం మౌనం పాటిస్తారు. ఆ నిమిషంలో ఎవరు పాడారో ఎవరు పాడలేదో తెలియదు. తరువాత గంట మ్రోగుతుంది, ఆరవ తరగతి పిల్లలు వరుసగా తమ గదికి నడిచిపోతారు.