నలుపు నల్లాలా, క్రోమా?

ప్రశ్న: కరీంనగర్ దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం. బోరు నీళ్లే దిక్కు. బాత్రూంలో నల్లాలు, షవర్ అన్నీ నలుపు రంగులో ఒకే తీరుగా పెట్టాలని ఉంది. మంచిదేనా?
– ఒక గృహిణి

జవాబు: రంగు కన్నా ముందు నీళ్లను చూడండమ్మా. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే చుక్క ఆరినచోటల్లా తెల్లమచ్చ పడుతుంది. నలుపు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యాసిడ్‌తో రుద్దితే పూతే పోతుంది. మీకు క్రోమే నయం. నల్లాలన్నీ ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌లో ఒకేసారి కొనండి. బేసిన్, కమోడ్ కూడా ఒకే కంపెనీవి తీసుకోండి, తెలుపులోనూ తేడాలుంటాయి. బేసిన్ కింద మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ వేస్తే ఆ తెలుపు ఎంత అందంగా ఉంటుందో!

గోడలో పైపులు వేయకముందే సామాను ఇంటికి తెచ్చుకోండి. వాల్ మిక్సర్‌కు వేడి, చల్లనీళ్ల పాయింట్ల మధ్య సాధారణంగా 150 మి.మీ. ఉండాలి. కమోడ్‌కైతే గోడ నుంచి డ్రెయిన్ దూరం ముఖ్యం. పెద్ద రెయిన్ షవర్ వద్దు. ట్యాంకు 10 మీటర్ల ఎత్తునుంటేనే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది, ఒక అంతస్తు ఇంట్లో అంత రాదు. హ్యాండ్ షవర్ చాలు.

కొనేముందు బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాఠిన్యం లీటరుకు 600 మి.గ్రా. దాటితే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టేవారిని పిలిపించి చూపించండి.